చచ్చిన క్రిమి దగ్గర చేబదులు

మీ ఇంట్లో ఏడాదిలోపు బిడ్డ ఉంటే టీకా కార్డు ఒకసారి బయటికి తీయండి. ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు అన్న చోట పీసీవీ అని రాసి ఉంటుంది. న్యుమోనియాకూ, మెదడు పొరల వాపుకూ, చెవిలో చీముకూ కారణమయ్యే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాను అడ్డుకునే టీకా అది. మన దేశంలో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి 2017లో కొన్ని రాష్ట్రాల్లో వచ్చి, 2021లో దేశమంతటికీ విస్తరించింది. అంతకుముందు ప్రైవేటు ఆసుపత్రిలో వేయించిన తల్లిదండ్రులకు దాని ఖరీదు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ఆ చిన్న సీసాలో ఉన్న అసలు సరుకు ఏమిటో తెలుసా? చక్కెర. మనం కాఫీలో కలుపుకునేది కాదు లెండి. ఆ బ్యాక్టీరియా ఒంటి నిండా కప్పుకునే తొడుగులోని చక్కెర. దాన్ని ఒక ప్రొటీన్‌కు అతికించి బిడ్డ ఒంట్లోకి పంపుతారు. ఆ తొడుగు చక్కెరదని గుర్తించినవారిలో ఒకరు, చక్కెరను ప్రొటీన్‌కు అతికిస్తే ఒంట్లో రక్షణ పుడుతుందని చూపినవారిలో ఒకరు, ఆ తొడుగు అల్లే విద్యను ఒక క్రిమి ఇంకో క్రిమి నుంచి చేబదులు పుచ్చుకోగలదని, ఆ చేబదులు డీఎన్‌ఏ రూపంలో జరుగుతుందని తేల్చిన బృందానికి పెద్ద... ఈ ముగ్గురూ ఒక్కరే. ఆస్వాల్డ్ ఏవరీ. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఆ పేరు గుర్తుండొచ్చు, మార్కుల ప్రశ్నగా. మనిషిగా ఆయనెవరో మనలో చాలామందికి తెలియదు.

చర్చి మెట్ల మీద కార్నెట్

1877 అక్టోబరు 21న కెనడాలోని హాలిఫాక్స్ అనే రేవు పట్టణంలో పుట్టారు ఏవరీ. తల్లిదండ్రులు ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి బాప్టిస్ట్ చర్చిలో పాస్టరు. ఆస్వాల్డ్‌కు పదేళ్లప్పుడు కుటుంబం న్యూయార్క్ చేరింది. అక్కడ తండ్రి పనిచేసిన చర్చి నగరంలోని బాగా పేదల పేటలో ఉండేది. ఆస్వాల్డ్, అన్న ఎర్నెస్ట్ ఇద్దరూ కార్నెట్ వాయించడం నేర్చుకున్నారు. మన పెళ్లి బ్యాండులో వాయించే బాకా లాంటిదే అది, కాస్త పొట్టిగా ఉంటుంది. ఆదివారాలు చర్చి మెట్ల మీద నిలబడి వాయిస్తూ దారిన పోయేవాళ్లను ప్రార్థనకు పిలిచేవాళ్లు అన్నదమ్ములు.

1892లో ఎర్నెస్ట్ పోయాడు. అదే ఏడాది తండ్రీ పోయాడు. అప్పటికి ఆస్వాల్డ్‌కు పదిహేనేళ్లు నిండలేదో, అప్పుడే నిండాయో. ఇంట్లో తల్లి, ఇంకా చిన్నవాడైన తమ్ముడు రాయ్ మిగిలారు. ఆ తమ్ముడిని ఏవరీ జీవితాంతం తండ్రిలా చూసుకున్నారు. తమ్ముడు కూడా తర్వాత బ్యాక్టీరియాల శాస్త్రమే చదివాడు. ఆ తమ్ముడికి రాసిన ఒక ఉత్తరం గురించి కాసేపట్లో చెప్పుకుందాం.

కాలేజీలో ఆయన చదివింది సైన్సు కాదు. సాహిత్యం, వక్తృత్వం లాంటివి. కాలేజీ బ్యాండ్‌ను నడిపారు. 1900లో డిగ్రీ చేతికొచ్చాక పాస్టరు అవుతాడేమో అనుకున్నవాళ్లను ఆశ్చర్యపరుస్తూ వైద్యంలో చేరారు. 1904లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై బయటికొచ్చి ప్రాక్టీసు పెట్టారు.

ఆ ప్రాక్టీసు ఎక్కువ కాలం సాగలేదు. ఊపిరితిత్తుల జబ్బులతో వచ్చేవాళ్లకు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండేది కాదు. పేరు చెప్పడం, ధైర్యం చెప్పడం, పక్కన కూర్చోవడం. అది ఆయన తట్టుకోలేకపోయారు. 1907లో బ్రూక్లిన్‌లోని హోగ్లాండ్ లేబొరేటరీకి మారిపోయారు. అక్కడ ఆయన మొదట పట్టుకున్న విషయం మనకు బాగా దగ్గరిది: పెరుగు. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాల మీద పరిశోధన చేశారు. ఇంట్లో పెరుగు తోడు పక్కింటికి ఇచ్చి పుచ్చుకునే అలవాటున్న మనకు, ఆయన తర్వాత కనిపెట్టిన సంగతి చప్పున అర్థమవుతుందని నాకనిపిస్తుంది. కాకపోతే తోడు ఇచ్చినప్పుడు బ్యాక్టీరియా ఇల్లు మారుతుంది. ఏవరీ చూసినది అంతకంటే వింత.

ఏడో రోజు, తొమ్మిదో రోజు

ఆ రోజుల్లో న్యుమోనియా అంటే ఎలా ఉండేదో ఒకసారి ఊహించండి. నిన్నటిదాకా పనికెళ్లిన మనిషికి ఉన్నట్టుండి వణుకుతూ జ్వరం, పక్కలో పోటు, తుప్పు రంగు కళ్లె. యాంటీబయోటిక్స్ లేవు. వారం రోజులపాటు ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ కూర్చోవడమే. ఏడో రోజో తొమ్మిదో రోజో ఒళ్లంతా చెమటలు పట్టి జ్వరం దిగితే బతికినట్టు. లేకపోతే లేదు. ఆసుపత్రిలో చేరినవారిలో నలుగురికొకరు దాకా పోయేవారు. 1918 ఫ్లూ మహమ్మారిలో చనిపోయినవారిలో ఎక్కువమందిని చివరకు తీసుకెళ్లింది కూడా ఫ్లూ వెంట వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఆసుపత్రికి అధిపతి రూఫస్ కోల్. న్యుమోనియాకు విరుగుడు కనిపెట్టాలన్నది ఆయన పట్టుదల. బ్రూక్లిన్‌లో పనిచేస్తున్న ఏవరీ వ్యాసం చదివి, ఉద్యోగం ఇస్తానని ఉత్తరం రాశారు. జవాబు లేదట. చివరకు కోలే స్వయంగా వెళ్లి అడగాల్సి వచ్చిందట. ఉత్తరాలకు జవాబివ్వడంలో ఏవరీ బద్ధకం ఆయన స్నేహితులందరికీ తెలిసిందే. మొత్తానికి 1913లో రాక్‌ఫెల్లర్‌లో చేరారు. అక్కడే ముప్పై అయిదేళ్లు ఉండిపోయారు.

పొట్టి మనిషి, పెద్ద తల, కళ్లద్దాలు, మెత్తటి గొంతు. పెళ్లి చేసుకోలేదు. తోటి పరిశోధకుడు డోచెజ్‌తో కలిసి ఒకే అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు ఉన్నారు. సభలకు పోరు, ఉపన్యాసాలు ఇవ్వరు. కుర్రవాళ్లు మాత్రం ఆయన్ను ప్రొఫెసర్ అన్న మాటను కుదించి ఫెస్ అని ముద్దుగా పిలుచుకునేవారు. కొత్తగా చేరినవాడికి ఫలానా పని చేయమని ఎప్పుడూ చెప్పేవారు కాదట. తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని న్యుమోకాకస్ కథ చెప్పేవారు. వినేవాడికి ఎక్కడ కుతూహలం పుడితే అక్కడి నుంచి వాడే మొదలుపెట్టుకోవాలి.

ఆ కథలో ముఖ్యమైన చిక్కు ఒకటుంది. న్యుమోకాకస్‌లో రకాలున్నాయి. అప్పుడు ఒకటి, రెండు, మూడు అని అంకెలతో గుర్తించేవారు. ఇప్పటికి తెలిసినవి వంద దాటాయి. గుర్రాలకు ఈ క్రిమిని ఎక్కించి, వాటి రక్తం నుంచి సీరం తీసి రోగికి ఇచ్చేవారు. ఒకటో రకానికి తీసిన సీరం ఒకటో రకానికే పనిచేస్తుంది. మూడో రకం రోగికి అదే ఇస్తే నీళ్లు ఇచ్చినట్టే. అంటే రకం సరిగ్గా తేల్చడం మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉండేది.

ఈ తేడా ఎక్కడుంది? 1917లో డోచెజ్, ఏవరీ కలిసి రోగుల రక్తంలో, మూత్రంలో ఆయా రకానికే ప్రత్యేకమైన పదార్థం ఒకటి కరిగి ఉంటుందని చూశారు. 1923లో రసాయన శాస్త్రవేత్త మైకేల్ హైడెల్‌బర్గర్ సాయంతో అదేమిటో తేలింది. చక్కెరల గొలుసు. క్రిమి తొడుగు అంతా దానితోనే అల్లి ఉంటుంది. ఒక్కో రకం ఒక్కో అల్లిక. మన తెల్ల రక్తకణాలు క్రిమిని పట్టుకోబోతే ఈ తొడుగు జారిపోయేలా చేస్తుంది. తొడుగు ఉంటే ప్రాణాంతకం. ఊడిపోతే అదే క్రిమి పిల్లిపిల్లంత సాధువు.

అప్పట్లో దీన్ని చాలామంది ఒప్పుకోలేదు. ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపట్టేది ప్రొటీన్లనే అని పాఠం. చక్కెర ఏం చేస్తుంది, మీ నమూనాలో ఎక్కడో కాస్త ప్రొటీన్ మిగిలిపోయి ఉంటుందని అన్నారు. ఏవరీ వాదించలేదు, ఇంకా శుద్ధి చేసి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే మాట ఆయన మళ్లీ వినాల్సి వచ్చింది. 1930 ప్రాంతంలో వాల్టర్ గోబెల్‌తో కలిసి తొడుగు చక్కెరను ప్రొటీన్‌కు అతికించి కుందేళ్లలో రక్షణ పుట్టించారు. మీ బిడ్డ కార్డులోని పీసీవీకి పునాది అదే.

లండన్ నుంచి వచ్చిన ఎలుకల కబురు

1928లో లండన్ నుంచి ఒక వ్యాసం వచ్చింది. రాసినవారు ఫ్రెడ్ గ్రిఫిత్. బ్రిటన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రయోగశాలలో పనిచేసే డాక్టరు. ఏవరీ కంటే కూడా బిడియస్తుడు. ఆయన చేసినది ఇది. తొడుగు ఊడిపోయిన, అపకారం చేయని బతికున్న క్రిముల్ని కొన్ని తీసుకున్నారు. తొడుగున్న ప్రమాదకరమైన వేరే రకం క్రిముల్ని వేడిచేసి చంపారు. సాధువునొక్కదాన్నీ ఎక్కిస్తే ఎలుక బతికింది. శవాల్నొక్కదాన్నీ ఎక్కించినా ఎలుక బతికింది. రెండింటినీ కలిపి ఎక్కిస్తే ఎలుక చచ్చింది. దాని రక్తంలో చూస్తే తొడుగు కప్పుకున్న క్రిములు బతికి తిరుగుతున్నాయి. ఆ తొడుగు చచ్చిన రకానిది. వాటి పిల్లలకూ, ఆ పిల్లల పిల్లలకూ కూడా అదే తొడుగు.

ఆగి ఒకసారి ఆలోచించండి. మనకు తెలిసిన వారసత్వం పైనుంచి కిందికి పారుతుంది. తాత ముక్కు తండ్రికి, తండ్రి ముక్కు కొడుక్కి. పక్కింటాయన చనిపోతే ఆయన ముక్కు మీకు రాదు. వచ్చినా మీ మనవలకు అసలే రాదు. గ్రిఫిత్ ఎలుకల్లో జరిగింది సరిగ్గా అదే. పక్కనున్న చచ్చిన క్రిమి దగ్గర బతికిన క్రిమి ఏదో పుచ్చుకుంది. పంచదార నిండుకుంటే పక్కింటికెళ్లి గ్లాసుడు తెచ్చుకున్నట్టు. పైగా ఇక్కడ తెచ్చుకున్నది పంచదార కూడా కాదు, పంచదార చేసే విద్య. శాస్త్రవేత్తలు ఇప్పుడు దీన్ని జన్యువుల అడ్డబదిలీ అంటున్నారు. తరాల వెంట నిలువుగా కాకుండా, పక్కవారి నుంచి అడ్డంగా వచ్చేది అని.

ఏవరీకి మొదట నమ్మకం కుదరలేదు. న్యుమోకాకస్ రకాలు స్థిరమైనవని ఆయన లెక్క. రకాలు అంత తేలిగ్గా మారిపోతే సీరం వైద్యం ఏం కావాలి? తన దగ్గరే ఉన్న కుర్రవాడు మార్టిన్ డాసన్ మాత్రం ఆ ప్రయోగాన్ని తిరిగి చేశాడు. నిజమే అని తేలింది. 1931లో ఎలుక అవసరమే లేకుండా గాజు గొట్టంలోనే ఆ మార్పు తెప్పించారు. తర్వాత జేమ్స్ ఆలొవే క్రిముల్ని చిదిమి, వడకట్టి, కణాలేవీ లేని రసంతోనే ఆ పని జరిపించాడు.

ఇదంతా జరుగుతున్న సమయంలో ఏవరీ జబ్బుతో ఉన్నారు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసే గ్రేవ్స్ వ్యాధి. మీ ఇంట్లో థైరాయిడ్ ఎక్కువైనవారు ఉంటే ఎలా ఉంటుందో తెలుసు: గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం, ఊరికే దిగులు. బల్ల మీద సన్నటి గాజు గొట్టాలతో పనిచేసే మనిషికి చేతులు వణికితే ఎంత కష్టం! 1934లో ఆపరేషన్ చేసి గ్రంథి తీశారు. కోలుకుని మళ్లీ బల్ల దగ్గరికొచ్చేటప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గరపడుతోంది. చాలామంది అప్పుడు మొక్కలు పెంచుకోవడం గురించి ఆలోచిస్తారు. ఆయన ఆ రసంలో ఉన్నదేమిటో తేల్చడానికి కూర్చున్నారు.

వెన్న తీసే యంత్రం, డెబ్బై అయిదు లీటర్లు

మొదట కోలిన్ మెక్లాయిడ్, 1941 నుంచి మెక్లిన్ మెకార్టీ తోడయ్యారు. పని విసుగెత్తించేది. ఒకరోజు ప్రయోగం కుదురుతుంది, మరుసటి వారం అదే చేస్తే కుదరదు. కొన్ని నెలలపాటు పక్కన పెట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. క్రిముల్ని లీటర్ల కొద్దీ పెంచి, పాల నుంచి మీగడ వేరుచేసే యంత్రం లాంటిదానిలో వేసి తిప్పి, అడుగున చేరిన ముద్దను తీసేవారు. ఆ యంత్రం తిరిగేటప్పుడు కంటికి కనిపించని తుంపర చిమ్ముతుంది, ఆ తుంపరలో ఉన్నవి న్యుమోనియా క్రిములు. అందుకే దాన్ని మూసి ఉన్న పెట్టెలో పెట్టాల్సి వచ్చింది.

డెబ్బై అయిదు లీటర్ల నుంచి చివరకు చేతికొచ్చేది 10 నుంచి 25 మిల్లీగ్రాములు. ఒక పారాసిటమాల్ మాత్రలో ఉండే మందులో ఇది ఇరవయ్యో వంతుకు మించదు. కానీ దాన్ని అరవై కోట్ల వంతుల్లో ఒక వంతుగా పలచన చేసినా పనిచేస్తోంది! ఇక తీసివేతల లెక్క మొదలైంది. ప్రొటీన్‌ను జీర్ణం చేసే ఎంజైములు కలిపారు. రసం పని ఆగలేదు. చక్కెర తొడుగును కరిగించే ఎంజైము కలిపారు, ఆగలేదు. ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైము కలిపారు, ఆగలేదు. డీఎన్‌ఏను విరిచే ఎంజైము కలిపారు. ఆగిపోయింది.

1943 మే నెలలో, రాత్రిపూట, నాష్‌విల్‌లో ఉన్న తమ్ముడు రాయ్‌కు ఉత్తరం రాయడానికి కూర్చున్నారు ఏవరీ. ఉద్యోగ విరమణ దగ్గరపడింది, తమ్ముడి ఊరికి వెళ్లిపోవాలి, ఆ సంగతులు రాయాలి. రాస్తూ రాస్తూ ప్రయోగశాల విషయంలోకి జారిపోయారు. క్రిమిని మార్చేస్తున్నది డీఎన్‌ఏ కావచ్చని, అదే నిజమైతే తెలిసిన ఒక రసాయనంతో కణాల గుణాన్ని తరతరాలకూ మార్చొచ్చని, ఇది జన్యువు కావచ్చని వివరించారు. వెంటనే తనను తానే వెనక్కి లాక్కుంటూ, బుడగలు ఊదడం సరదాగానే ఉంటుంది గానీ ఇంకొకరు పొడిచేలోపు మనమే పొడుచుకోవడం మేలన్న అర్థంలో జాగ్రత్తలు చెప్పుకున్నారు. ఆ పేజీల్లో ఉన్నంత ధైర్యం ఆయన అచ్చు వేసిన ఏ వ్యాసంలోనూ కనిపించదు.

1944 ఫిబ్రవరి 1న వ్యాసం వెలువడింది. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. లండన్‌లో గ్రిఫిత్ ఈ వార్త వినలేదు. 1941లో జర్మనీ విమానాల బాంబు దాడిలో, తన స్నేహితుడు, సహచరుడు విలియం స్కాట్‌తో పాటు ఆయన మరణించారు.

మెచ్చుకున్నవారు ఉన్నారు. అదే సంస్థలో పనిచేసే ఆల్‌ఫ్రెడ్ మిర్‌స్కీ మాత్రం మీ డీఎన్‌ఏలో కాస్త ప్రొటీన్ మిగిలి ఉంటుందని పట్టుబట్టారు. 1923 నాటి పాటే. డీఎన్‌ఏ అంటే నాలుగు ముక్కలు మళ్లీ మళ్లీ ఒకే వరసలో వచ్చే మొద్దు పదార్థమని అప్పటి నమ్మకం. అందులో వారసత్వం పట్టేంత చోటేదని ప్రశ్న. నోబెల్ కమిటీ ముందుకు ఆయన పేరు చాలాసార్లు వెళ్లింది, ప్రతిసారీ ఇంకా రుజువు కావాలన్న వైపే మొగ్గారు. నోబెల్ చరిత్రలో ఇంతకంటే పెద్ద పొరపాటు వెతకడం కష్టం. అయితే బిడియస్తుడైన ఏవరీ తన మాట తానే గట్టిగా చెప్పుకోకపోవడం కూడా అందులో కొంత పాత్ర పోషించిందని ఒప్పుకోవాలి.

ఆ వ్యాసాన్ని గట్టిగా పట్టుకున్న వైద్య విద్యార్థి ఒకడున్నాడు. జాషువా లెడర్‌బర్గ్. మిగతా బ్యాక్టీరియాలు కూడా జన్యువుల్ని పంచుకుంటాయా అని వెతికి, 1946లో పేగుల్లో ఉండే ఈ-కోలై ఒకదానికొకటి అతుక్కుని జన్యువులు ఇచ్చి పుచ్చుకుంటాయని చూపించాడు. అతనికి 1958లో నోబెల్ వచ్చింది.

మీ ముక్కులో జరిగే లావాదేవీ

ఇదంతా ఎనభై ఏళ్ల నాటి ముచ్చట, మనకేమిటి అంటారా? న్యుమోకాకస్ ఇప్పుడు కూడా మన పిల్లల ముక్కు వెనక, గొంతు పైభాగంలో కాపురం ఉంటుంది. చాలామంది ఆరోగ్యవంతుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. దాని పక్కనే వేరే రకం న్యుమోకాకస్‌లు, నోట్లో ఉండే దాని దాయాదులూ ఉంటాయి. ఒకటి చచ్చి పగిలితే దాని డీఎన్‌ఏ బయట పడుతుంది. పక్కనున్నది దాన్ని లోపలికి లాక్కుని తన జన్యువుల వరసలో కుట్టేసుకుంటుంది. గ్రిఫిత్ ఎలుకలో జరిగిందీ, ఏవరీ గొట్టంలో జరిగిందీ ఇదే.

పెన్సిలిన్ వచ్చిన కొత్తలో ఈ క్రిమి దానికి ఇట్టే లొంగిపోయేది. 1960ల నుంచి లొంగనివి కనిపించసాగాయి. 1977లో దక్షిణాఫ్రికాలో ఒకేసారి చాలా మందుల్ని తట్టుకునే రకాలు పిల్లల్లో బయటపడి వైద్యుల్ని హడలెత్తించాయి. తర్వాత జన్యువుల్ని చదివి చూస్తే గుట్టు తెలిసింది. పెన్సిలిన్ పట్టుకునే ప్రొటీన్ల జన్యువులు అతుకుల బొంతలా ఉన్నాయి. కొన్ని ముక్కలు సొంతవి, కొన్ని నోట్లోని దాయాది బ్యాక్టీరియాల నుంచి తెచ్చుకున్నవి. ఏ క్రిమిలో ఏవరీ చేబదులు కనిపెట్టారో, ఆ క్రిమే ఆ చేబదులుతోనే ఆయన తరం తర్వాత వచ్చిన మందును ఓడించడం నేర్చుకుంది.

టీకా విషయంలోనూ అంతే. అమెరికాలో 2000లో ఏడు రకాల తొడుగులతో టీకా మొదలైంది. ఆ ఏడు బాగా తగ్గాయి. కానీ టీకాలో లేని 19ఏ అనే రకం పెరిగింది. వాటిలో కొన్ని, పాత క్రిములే తొడుగు జన్యువుల్ని మార్చుకుని వచ్చినవి. ఆ 19ఏను కూడా కలిపి 2010లో పదమూడు రకాల టీకా తెచ్చారు. టీకా దండగ అని దీనికి అర్థం కాదు. ప్రాణాలు తీసే రకాల్లో పెద్ద వాటా దానివల్లే తగ్గింది. టీకాలో రకాలు ఎందుకు పెరుగుతూ పోతున్నాయని పిల్లల డాక్టరును అడిగేవారికి మాత్రం జవాబు ఇది.

పేగుల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా జోరుగా సాగుతుంది. 1950ల్లో జపాన్‌లో రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా క్రిమి ఒకేసారి నాలుగు మందులకు లొంగడం మానేసింది. ఆ నాలుగింటినీ తట్టుకునే జన్యువులు చిన్న డీఎన్‌ఏ ఉంగరం మీద కట్టగా ఉండి, ఈ-కోలైకీ షిగెల్లాకీ మధ్య రాకపోకలు సాగిస్తున్నాయని 1959లో తేలింది. ఆ మందుల్లో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన లెడర్లీ పరిశోధన విభాగంలో, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వచ్చింది. 1948లో మందు లోకానికి తెలిసిన ఏడే సుబ్బారావు గారు కన్నుమూశారు. పదేళ్లు గడిచాయో లేదో క్రిములు దాని విరుగుడును పంచుకోవడం మొదలుపెట్టేశాయి.

ఈ చేబదుళ్లు ఎంత లోతుకు వెళ్లాయో 2002లో ఒక లెక్క వచ్చింది. మూడు రకాల ఈ-కోలై జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్న ప్రొటీన్లు నూటికి నలభై లోపే. ఒకే పేరు, ఒకే జాతి, ఇళ్లలో సామాను మాత్రం సగానికి పైగా వేరు. ఒకటి మన పేగుల్లో అమాయకంగా ఉంటే, ఇంకొకటి మూత్రనాళంలో మంట పుట్టిస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. జలుబుకూ, మామూలు గొంతు గరగరకూ మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు తెచ్చి వేసేస్తుంటాం. జలుబు చాలావరకు వైరస్‌ది. దాని మీద ఆ మాత్ర పనిచేయదు. ముక్కులో, పేగుల్లో అమాయకంగా ఉన్న బ్యాక్టీరియా మీద మాత్రం పనిచేస్తుంది. లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ మిగిలినవాటి దగ్గరున్న జన్యువును రేపు నిజంగా న్యుమోనియా తెచ్చే క్రిమి పుచ్చుకోవచ్చు. అప్పుడు డాక్టరు రాసిన మందు మీ బిడ్డకు పనిచేయకపోవచ్చు. పోయినసారి మిగిలిన సీసాలోని యాంటీబయోటిక్ తమ్ముడికి పట్టించడం, అర చెంచా తక్కువ వేయడం, మధ్యలో ఆపడం, ఇవన్నీ డాక్టరును అడిగి చేయాల్సినవే.

అలాగని భయపడి ఆలస్యం చేయొద్దు. దగ్గు, జ్వరంతో ఉన్న పిల్లవాడు డొక్కలు ఎగరేస్తున్నా, గడియారం చూసి నిమిషానికి లెక్కపెడితే రెండు నెలల్లోపు బిడ్డ 60, ఏడాదిలోపు బిడ్డ 50, అయిదేళ్లలోపు పిల్లవాడు 40 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా అది న్యుమోనియా కావచ్చు. పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా అంతే. అప్పుడు అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి. అక్కడ డాక్టరు యాంటీబయోటిక్ రాస్తే, అది కచ్చితంగా కావాల్సిన చోటే రాసినట్టు.

నాష్‌విల్‌లో చివరి రోజులు

1945లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఏవరీకి కాప్లీ పతకం ప్రకటించింది. ఆయన లండన్ వెళ్లలేదు. అధికార హోదాలో సర్ హెన్రీ డేల్ ఆ పతకాన్ని పట్టుకుని న్యూయార్క్ రావాల్సి వచ్చింది. 1948లో చాలా ఏళ్లుగా అనుకుంటున్న పని చేశారు. ప్రయోగశాల బల్ల ఖాళీ చేసి నాష్‌విల్‌లో తమ్ముడి ఇంటికి దగ్గరగా వెళ్లిపోయారు. తమ్ముడి పిల్లలకు పెదనాన్నగా, ఇరుగుపొరుగువారికి మెత్తగా మాట్లాడే ముసలాయనగా మిగిలిపోయారు.

డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ ప్రకటించారు. నాలుగు ముక్కల మొద్దు పదార్థంలో వారసత్వం ఎలా పడుతుందన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. రెండేళ్లకు, 1955 ఫిబ్రవరి 20న, కాలేయ క్యాన్సర్‌తో ఏవరీ నాష్‌విల్‌లో కన్నుమూశారు. ఆయన వయసు 77. పదేళ్ల తర్వాత, 1965లో, రాక్‌ఫెల్లర్ సంస్థ ఆవరణలో ఒక ద్వారానికి ఆయన పేరు పెట్టారు.